రెండో కంట్రోలర్

మా తోడల్లుడి గేటు ముందు స్కూటర్ ఆపి, దిగకుండా, నా కూతురి నవ్వు వింటూ కూర్చునేవాణ్ణి. ప్రతి ఆదివారం సాయంత్రం ఇదే తంతు. లోపల టీవీలో కార్ల మోత, దాని మీద మా అమ్మాయి కేక, ఆ కేక మీద ఆయన కేక. నేను హారన్ కొడితే "బస్ ఏక్ ఔర్, పెదనాన్నా!" అని వినిపించేది. ఇంకొక్క ఆట అని ఆయన్ని బతిమాలేది, బయట ఎదురుచూస్తున్న నన్ను కాదు. ఆ ఒక్కటీ అయ్యేది, తర్వాత ఇంకొకటి అయ్యేది. ఈలోగా ఆయన గుమ్మంలోకి వచ్చేవాడు.

"ఏటి తమ్ముడూ, గేటుకాడే నిలబడిపోనావు? లోపలికి రా. టీ తాగి ఎల్దువు."

"పర్లేదులే అన్నయ్యా, బయటే ఉంటాను. మల్లీ వత్తాను" అనేవాణ్ణి. ఆ "మల్లీ" ఎప్పుడూ రాలేదు.

దాపరికం ఎందుకు, నాకు ఆ మనిషిని చూస్తే కుళ్ళు. తోడల్లుడంటే నా భార్య అక్క మొగుడు. మా ఇద్దరి తండ్రులూ శ్రీకాకుళం పక్క నుంచి ఒకే రోజుల్లో టాటానగర్ వచ్చి రైలు పట్టాల మీద పనిచేసినవాళ్ళే. ఆయనకు అక్కడి ఉక్కు కంపెనీలో పర్మినెంటు ఉద్యోగం దొరికింది, నాకు అదే కంపెనీలో కాంట్రాక్టరు కింద ఫిట్టర్ పని దొరికింది. పొద్దున ఇద్దరం ఒకే గేటులోంచి లోపలికి వెళ్తాం, మెడలో పాసుల రంగులే వేరు. ఆయనది అగ్రికోలో క్వార్టరు, ముందు జామచెట్టు, నిద్రపట్టే చల్లటి గదులు. మాది గోల్‌మురిలో రెండు గదుల అద్దె ఇల్లు. పండగ ముందు ఆయనకు బోనస్ వస్తుంది, మా కాంట్రాక్టరు మాకు లడ్డూల డబ్బా ఇస్తాడు. ఇవన్నీ ఎలాగో మింగాను. కానీ ఒక ఏడు బోనస్ డబ్బుతో ఆయన వీడియో గేమ్ పెట్టె కొన్నాడు. అప్పట్నుంచి మా అమ్మాయి ఆదివారాలు ఆయనవైపోయాయి. వారంలో ఆరు రోజులు నేను తెల్లారకుండా వెళ్ళి చీకటిపడ్డాక వచ్చేవాణ్ణి. నాకు మిగిలేది ఆ ఒక్క రోజే. అది మింగుడుపడలేదు.

ఇరవై ఏళ్ళుగా పైపులూ వాటి అంచుల ఫ్లాంజీలూ కలిపి కలిపి నా కన్నే స్కేలయిపోయింది. రెండు బోల్టుల మధ్య ఎడం ఎంతో చూడగానే చెబుతాను, ఆ తర్వాత ఇంజనీరు టేపు పెట్టి చూసుకుని తల ఊపుతాడు. అదే కన్నుతో వాళ్ళ కిటికీలోంచి, సోఫాలో మా అమ్మాయి ఆయనకు ఎంత దగ్గరగా కూర్చుందో కొలిచేవాణ్ణి. మోచెయ్యికి మోచెయ్యి తగిలేంత. ఆరో తరగతి చదువుతున్న పిల్ల, మా ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా నాకు జానెడు దూరంలో కూర్చుంటుంది.

వాళ్ళకు పిల్లల్లేరు. ఒక ఆదివారం ఇంటికొచ్చాక కడుపుమంట ఆపుకోలేక అనేశాను.

"పిల్లల్లేని కొంపలో ఆటల పెట్టె ఎందుకంట? మన పిల్లని ఎరేసి పట్టుకోడానికి కాకపోతే?"

మా ఆవిడ రొట్టెలు కాలుస్తోంది. అట్లకాడ పక్కన పెట్టి నావైపు తిరిగింది. "మా అప్ప సెవిన ఆ మాట పడిందంటే ఏటవుతాదో తెలుసా? ఇంకోపాలి అన్నావంటే నాను ఈ ఇంట్లో ఉండను" అంది. ఆ రాత్రీ మర్నాడూ నాతో మాట్లాడలేదు. నేనూ ఆ మాట మళ్ళీ అనలేదు, కానీ అనుకోవడం మానలేదు.

సరే, పెట్టె మనింట్లోనే ఉంటే పిల్ల ఎక్కడికి పోతుందని ఆలోచించాను. కొత్తది కొనే శక్తి లేదు. రెండు షట్‌డౌన్‌లలో ఓవర్‌టైం చేశాను. షట్‌డౌన్ అంటే ఫర్నేస్ ఆపి రిపేర్లు చేసే రోజులు, అవి ఎక్కువగా ఆదివారాలే పడతాయి. కూతురి ఆదివారాల కోసం నా ఆదివారాలు అమ్ముకున్నానన్న సంగతి అప్పుడు తట్టలేదు. ఆ రోజుల్లో పిల్లని అగ్రికోలో దింపింది మా ఆవిడే, వెనక్కి తెచ్చిందీ మా ఆవిడే.

కద్మాలో అద్దెకుండే ఒక కాలేజీ కుర్రాడు చదువు ముగించి ఊరెళ్ళిపోతూ తన పాత పెట్టె అమ్మకానికి పెట్టాడని ఫోన్‌లో చూశాను. వెళ్ళి గంటసేపు బేరమాడాను. పెట్టె మూలన చిన్న సొట్ట ఉందన్నాను, కేబుల్ పాతదన్నాను, డబ్బా లేదన్నాను. వాడి దగ్గర చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్లు రెండున్నాయి. రెండోది విడిగా కొనుక్కోవాలన్నాడు.

"ఇద్దరు కలిసి ఆడితేనే మజా అంకుల్, తీసుకోండి" అన్నాడు హిందీలో.

మా ఇంట్లో ఆడేది ఒక్క పిల్ల. దానికున్నవి రెండు చేతులు. ఒక కంట్రోలర్‌కి రెండు చేతులు సరిపోతాయి. ఈ లెక్కలో నాకు ఎక్కడా తప్పు కనిపించలేదు. ఒక్కటే తీసుకుని, మిగిలిన డబ్బు చూసుకుని గెలిచినవాడిలా స్కూటర్ ఎక్కాను.

పెట్టె ఇంటికొచ్చిన మూడోనాడే విశ్వకర్మ పూజ. మా ఊళ్ళో ఆ రోజు పనిముట్టు పట్టేవాడు లేడు. లేతు మెషీన్ నుంచి ఆటో దాకా, క్రేన్ నుంచి కుట్టుమిషన్ దాకా అన్నీ కడిగించుకుని, బొట్టు పెట్టించుకుని, ఊరికే కూర్చుంటాయి. నేను కూడా నా స్పానర్లూ టార్క్ రెంచీ తుడిచి గుడ్డ మీద పేర్చాను. పక్కన స్కూటర్ తాళం పెట్టాను. వాటి మధ్యలో కొత్త పెళ్ళికొడుకులా ఆ పెట్టె. కష్టపడి తెచ్చిన వస్తువు, దిష్టి తగలకూడదని పసుపూ కుంకుమా దండిగా పెట్టాను. కొబ్బరికాయ కొట్టాను. దోసిట్లో అక్షింతలు తీసుకుని, మనసులో అగ్రికో వైపు ఒక చూపు విసిరి, పెట్టె మీద రెండుసార్లు చల్లాను.

మర్నాటి నుంచి మా అమ్మాయి ఆడింది. బాగానే ఆడింది. వారం రోజులు నేను రాజుని.

ఇక పొదుపు చూడాలి నాది. సాక్చీలో ఒక చిన్న దుకాణం ఉంది, ఆడేసిన డిస్కు ఇచ్చి కొంచెం పైన కడితే వేరే డిస్కు ఇస్తాడు. ఆ దుకాణదారుకి నేను చుట్టాన్నయిపోయాను. కొత్త ఆట వచ్చిన రోజే కొనేవాడు పిచ్చివాడనీ, పండగ అమ్మకాల దాకా ఆగితే సగానికి దిగుతుందనీ, ఇంకో ఏడు ఆగితే పావుకి దిగుతుందనీ తెలుసుకున్నాను. పైపు కొలతలు రాసుకునే నోట్‌బుక్కులో వెనకనుంచి ఆటల ధరలు రాయడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు కూడా ఫోన్‌లో ధర తగ్గిందేమోనని చూసేవాణ్ణి. మా తోడల్లుడు ఏ ఆటనైనా వచ్చిన వారానికే పూర్తి ధర పోసి కొంటాడు. ఆయన కొన్న ఆట పేరు రాసి, దాని పక్కన ఆయన ఎంత తగలేశాడో, నేను ఎంత మిగల్చబోతున్నానో రాసుకునేవాణ్ణి. ఆ పేజీ చదువుకుంటే నాకు కడుపు నిండేది.

"ఏడాది ఆగితే అదే ఆట మనకి పావు ధరకొత్తాది" అని అమ్మాయికి చెప్పాను.

"తబ్ తక్ సబ్ భూల్ జాయేంగే, నాన్నా" అంది. అప్పటికి అందరూ దాన్ని మరిచిపోతారట. ఎదురు చెప్పిందని కోపం రాలేదు. పిల్లకి డబ్బు విలువ తెలియదనుకున్నాను.

దీపావళి ముందు ఆ దుకాణంలో మంచి బేరం తగిలింది. రెండు డిస్కులిస్తే ఒకటి, పైన పైసా కట్టక్కర్లేదు. ఇంట్లో ఏ రెండివ్వాలా అని చూస్తే కార్ల పందెం డిస్కు కంటబడింది. దాని మీద ఇద్దరు ఆడే ఆట అని బొమ్మ ఉంది. ఒక్క కంట్రోలర్ ఇంట్లో ఇద్దరాడే ఆట దేనికని అదే పట్టుకుపోయాను. సాయంత్రం అమ్మాయి అరలో వెతికింది. ఇచ్చేశానని చెప్పాను. "అచ్ఛా" అని ఊరుకుంది. ఏడిస్తే బాగుండేది, సర్దిచెప్పి గొప్పలు పోయేవాణ్ణి.

అన్నీ చేసినా ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే అది చెప్పులేసుకుని స్కూటర్ దగ్గర నిలబడేది. ఇంట్లో పెట్టె ఉందిగా అంటే తల దించుకునేది. పొరుగింటి పుల్లకూర రుచి అని మా ఆవిడతో వెటకారంగా అన్నాను. నేను దింపేవాణ్ణి, మళ్ళీ ఐదింటికి గేటు ముందు కూర్చుని ఆ నవ్వు వినేవాణ్ణి. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

దీపావళి వెళ్ళిన వారానికి మా పెట్టె గొంతు మారింది. ఫ్యాను టకటకమని కొట్టుకునేది, కాసేపటికి వేడెక్కి తనంతట తనే ఆగిపోయేది. సాక్చీ దుకాణంవాడు విప్పి చూడ్డానికే ఎంతో అడిగాడు. నేనే విప్పుదామంటే దాని స్క్రూల తలలు నక్షత్రాల్లా ఉన్నాయి, నా పనిముట్లలో అంత చిన్న సైజు స్క్రూడ్రైవర్ లేదు. ఆ సైజు ఎవరి దగ్గరుందో నాకు తెలుసు. ఆయన ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌లో మీటర్లు బాగుచేస్తాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

"నువ్వు సెయ్యవు గానీ, నాను సేత్తాను మా బావకి ఫోను" అంది మా ఆవిడ, నా మొహం చూసి.

ఆయన అరగంటలో వచ్చాడు. షిఫ్టు దిగి ఇంటికి కూడా పోకుండా, బూట్లతోనే. నేల మీద దినపత్రిక పరిచి, పెట్టె బోర్లించి, ఒక్కొక్క స్క్రూ విప్పి పళ్ళెంలో వరసగా పెట్టాడు. మా అమ్మాయి ఆయన భుజం మీదుగా ఫోను వెలుతురు పట్టింది. పనిమంతుడి చేతులు చూస్తే నాకు ఎప్పుడూ గౌరవమే. ఆ రోజు ఆ చేతులు చూస్తే కూడా కుళ్ళే వచ్చింది. ఆయన లోపలి మూత తీసి ఫ్యానులోకి తొంగిచూసి, ఆగి, మా ఆవిడని కనుబొమలు తీసుకునే చిమటా అడిగాడు. దాంతో ఒక్కొక్కటే బయటికి లాగి పేపరు మీద పెట్టాడు. పసుపు అంటిన బియ్యపు గింజలు. పదకొండు.

"ఏటి తమ్ముడూ ఇది? పులిహోర వండేవేటి ఇందులో?"

మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అమ్మాయి పగలబడి నవ్వింది, ఆ గేటు దగ్గర వినే నవ్వే. మొదటిసారి అది మా ఇంట్లో వినిపించింది, అదీ ఆయన మాటకి. నేను విశ్వకర్మ పూజ సంగతి చెప్పాల్సొచ్చింది.

"నవ్వకండర్రా" అన్నాడు ఆయన. "మా పెట్టెకీ నాను పూజ సేసినాను. మీ వదిన సెయ్యట్టుకోబట్టి గానీ, నాను కూడా అచ్చింతలు జల్లేసుందును."

నా పరువు నిలబెట్టడానికి అన్నాడో, నిజమే అన్నాడో ఇప్పటికీ తెలియదు. దుమ్ము ఊది, మూత బిగించి, టీవీకి తగిలించాడు. పెట్టె చప్పుడు లేకుండా తిరిగింది. "రాయే, ఓ ఆట ఏద్దాం" అని అమ్మాయిని పిలిచి, చుట్టూ చూసి అడిగాడు.

"రెండోదేదీ?"

రెండోది లేదని చెప్పడానికి నేను నోరు తెరిచేలోగా మా అమ్మాయే జవాబిచ్చింది, నన్ను చూసి కాదు, ఉన్న సంగతి చెబుతున్నట్టు.

"ఏక్ హీ హై, పెదనాన్నా. నాన్న తో ఖేల్తే హీ నహీఁ."

ఒకటే ఉంది, నాన్న అసలు ఆడరుగా, అంది. అందులో ఫిర్యాదు లేదు. ఇంట్లో కుళాయి పొద్దున్నే వస్తుంది అన్నట్టే అంది. ఆయన నావైపు చూడకుండా కంట్రోలర్ దాని చేతిలో పెట్టి లేచాడు. "మాయింట్లో పాతదోటి ఉందిలే, రేపట్టుకొత్తాను" అన్నాడు. "వద్దన్నయ్యా" అన్నాను. గట్టిగా వచ్చింది మాట.

ఆ నోట్‌బుక్కు వెనక పేజీలు ఆ రాత్రి మళ్ళీ చదివాను. పధ్నాలుగు ఆటల పేర్లున్నాయి. ఏ ఒక్కదాంట్లోనూ కారు ఎలా తిప్పాలో, బంతి ఎలా తన్నాలో నాకు తెలియదు. ఆయన డబ్బు తగలేసి మా పిల్ల పక్కన కూర్చున్నాడు. నేను డబ్బు మిగిల్చి గేటు బయట కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఆయన నా పిల్లని లాక్కున్నాడని ఏడ్చాను, లాక్కోవడానికి అసలు నేను దాని పక్కన కూర్చుంటే కదా.

మర్నాడు పని దిగి నేరుగా సాక్చీ వెళ్ళాను. కొత్త కంట్రోలర్ కావాలన్నాను. దుకాణదారు నన్ను ఎగాదిగా చూసి, పాతది ఒకటుంది, సగం ధరకిస్తానన్నాడు. వద్దన్నాను. నెలాఖర్లో ఆఫర్ ఉందన్నాడు. వద్దన్నాను. కొత్తవీ పాతవీ రెండు రకాల పెట్టెలకీ పనిచేసేది తీసి, ధర చెప్పి, నేను బేరమాడతానని ఆగాడు. అడిగినంత ఇచ్చేశాను. మొన్న నేనిచ్చేసిన కార్ల డిస్కు ఇంకా అరలోనే ఉంది. దాన్ని కూడా వాడు చెప్పిన ధరకే వెనక్కి కొన్నాను.

ఆ ఆదివారం భోజనం కాగానే అమ్మాయి చెప్పులేసుకుంది. నేను కంట్రోలర్ డబ్బా దాని ముందు పెట్టాను. కాసేపు దాన్నీ నన్నూ చూసి చెప్పులు విడిచింది. తెర రెండుగా చీలింది. పైన దాని కారు, కింద నాది. నా కారు మొదటి మలుపులోనే గోడకి గుద్దుకుంది. వెనక్కి తిప్పబోతే ఇంకో గోడకి గుద్దుకుంది. అందరూ ఒకవైపు పోతుంటే నేను ఎదురు వెళ్ళాను. "నాన్నా, ఉల్టా! ఉల్టా జా రహే హో!" అని అరుస్తూ నా మీద పడి నవ్వింది. నోరు తెరిచి, ఆ నవ్వే. నాలుగు ఆటలు ఓడిపోయాను. ఇరవై ఏళ్ళలో ఏ పనిలోనూ అంత హాయిగా ఓడిపోలేదు.

నాలుగు దాటాక ఫోన్ మోగింది. ఆయనే.

"తమ్ముడూ, పిల్లని తేలేదేటి? ఒంట్లో బాగుందా?"

"బాగుందన్నయ్యా. ఇక్కడే ఆడతంది."

"ఎవులితోటి?"

"నాతోటి."

ఆయన వెనక టీవీలో కార్ల ఆట మొదలయ్యే ముందు వచ్చే సంగీతం మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. ఎవరైనా మీట నొక్కేదాకా అది అలా తిరుగుతూనే ఉంటుందని నాకు అప్పటికి తెలుసు. ఎంతసేపట్నుంచి తిరుగుతోందో మరి.

"మీ వదిన పిల్లకని బూరెలు సేసింది" అన్నాడు. "పర్లేదులే. ఆడుకోండి."

ఫోన్ పెట్టేశాక ముందు నాకు సంతోషం వేసిందని ఒప్పుకుంటున్నాను. గెలిచానని వేసింది. తర్వాతి ఆటలో నా కారు గీత దగ్గరే నిలబడిపోయింది. "పర్లేదులే" అన్న ఆ గొంతు నాకు కొత్తది కాదు. ఎన్ని ఆదివారాలు ఆ గేటు ముందు ఆ మాటనే నేను అన్నానో. నా కుళ్ళు ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి, అది ఇంకొకరి గొంతులో వినగానే గుర్తుపట్టాను. పిల్లల్లేని కొంప అన్నది కూడా నేనే. వంటింట్లోంచి మా ఆవిడ నావైపు చూసింది. నేను తెరవైపు చూశాను.

తర్వాతి ఆదివారం కంట్రోలర్‌ని గుడ్డ సంచిలో వేసుకుని, అమ్మాయిని వెనక ఎక్కించుకుని స్కూటర్ తీశాను. అగ్రికోలో గేటు దగ్గర ఇంజన్ ఆపి, స్టాండు వేసి, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. వదిన తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఆయన సోఫాలోంచి లేచి, "ఏటి తమ్ముడూ" అని, సోఫా మీద దిండు తీసి నాకు చోటు చేశాడు. ముగ్గురాడితే తెర నాలుగు ముక్కలవుతుంది, ఒక ముక్క ఖాళీగా నల్లగా ఉంటుంది. అది వదినదని మా అమ్మాయి ప్రకటించింది. వదిన బూరెల పళ్ళెం పట్టుకుని, నాకివి రావమ్మా, అంటూనే కుర్చీ దగ్గరికి లాక్కుంది.

అమ్మాయి మా ఇద్దరి మధ్యా కూర్చుంది. ఆయనవైపు నాలుగు వేళ్ళ ఎడం, నావైపు ఆరు. కంటి కొలతే, కానీ నా కన్ను తప్పదు. పందెం మొదలవడానికి పచ్చదీపం వెలిగేలోగా నేను రెండు వేళ్ళు జరిగాను.